లక్షల చలరాశులు, నిమిషాల్లో జవాబు

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో చిప్ డిజైన్ల తనిఖీ నా పని. శాట్ సమస్య (ఒక తార్కిక సూత్రం నిజమయ్యేలా దాని చలరాశులకు ‘నిజం’, ‘అబద్ధం’ విలువలు ఇవ్వగలమా అన్న ప్రశ్న) ఎన్‌పీ-కంప్లీట్ (అన్ని సందర్భాల్లోనూ వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని కష్టమైన సమస్యల కోవలోది) అని 1971లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త స్టీఫెన్ కుక్ నిరూపించారు కదా! మరి మా సాల్వర్ (ఈ సమస్యను తేల్చే ప్రోగ్రామ్) లక్షల చలరాశులున్న సూత్రాలను నిమిషాల్లో ఎలా తేలుస్తోంది?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, కుక్ ఫలితం అన్ని రకాల సూత్రాలకూ కలిపి చెప్పినది. మీ సర్క్యూట్ల సూత్రాల్లో ఒక అమరిక ఉంటుంది, సాల్వర్లు దాన్ని వాడుకుంటాయి. 1962 నాటి పద్ధతి చలరాశుల విలువలను ఒక్కొక్కటిగా నిర్ణయిస్తూ పోయి, వైరుధ్యం ఎదురైతే ఒక్క అడుగు వెనక్కి వేసేది. 1996లో గ్రాస్ప్ అనే సాల్వర్ ఆ వైరుధ్యానికి కారణం వెతికి, దాన్ని కొత్త క్లాజుగా (సూత్రంలో మరో షరతుగా) రాసుకుని, అనవసరమైన నిర్ణయాలన్నీ దాటి వెనక్కి దూకింది. నా విద్యార్థులకు బోర్డు మీద మొదట చూపేది ఇదే. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఆలోచన నాకు కనిపించలేదు.

‘సాధ్యం కాదు’ అనే జవాబును మాత్రం ఊరికే నమ్మకండి. డ్రాట్ రుజువు (ఆ జవాబు ఎలా వచ్చిందో సాల్వర్ అడుగడుగునా రాసిపెట్టే ఫైలు) తీసుకుని, వేరే చెకర్‌తో సరిచూడండి. 2016లో పైథాగరస్ త్రికాల (a² + b² = c² అయ్యే మూడేసి సంఖ్యల) సమస్యకు సాల్వర్ ద్వారా వచ్చిన రుజువు దాదాపు 200 టెరాబైట్లు, దాన్నీ సరిచూశారు.