మష్రూమ్స్ తింటున్నాం కదా, బీ12 మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, మాది ఖమ్మం. ఎనిమిదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. నేను మాంసం, గుడ్డు ముట్టను. మష్రూమ్స్‌లో మాంసంతో సమానంగా ప్రొటీన్, బీ12, డి విటమిన్ ఉంటాయని వాట్సాప్‌లో చూసి మూడు నెలలుగా వారానికి నాలుగుసార్లు వండుకుంటున్నా, బీ12 మాత్ర ఆపేశా. ఈమధ్య అరికాళ్లలో తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. మావారికి యూరిక్ యాసిడ్ ఉంది, ఆయన తినొచ్చా? ఊళ్లో పుట్టల దగ్గర మొలిచినవి మా మరిది పంపుతుంటాడు, అవి మంచివేనా?

జవాబు: అమ్మా, మష్రూమ్స్ సంగతి తర్వాత, ముందు మీ అరికాళ్ల సంగతి చూద్దాం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బీ12 ఒంటికి సరిగ్గా పట్టదు, దానికి తోడు మీరు గుడ్డు కూడా తినరు, ఆ రెండూ కలిసే మీ డాక్టర్ ఆ మాత్ర రాసి ఉంటారు. దాన్నేమో మీరు ఆపేశారు. తిమ్మిర్లు షుగర్ వల్ల కూడా రావచ్చు, కాదనను, కానీ బీ12 తగ్గినా అచ్చం ఇలాగే ఉంటుంది, చాలామంది "షుగర్ కదా, మామూలే" అని వదిలేస్తారు. ఆలస్యమైతే నరాల దెబ్బ పూర్తిగా తగ్గకపోవచ్చు. ఈ వారంలోనే బీ12 పరీక్షకు రక్తం ఇచ్చి, ఆ రోజు నుంచే మాత్ర మళ్లీ మొదలుపెట్టండి, రిపోర్టు మీ డాక్టర్‌కు చూపించండి. పెద్దవాళ్లకు రోజుకు 2 మైక్రోగ్రాముల పైచిలుకు బీ12 కావాలి, వంద గ్రాముల బటన్ మష్రూమ్స్‌లో అందులో పదో వంతు కూడా రాదు.

ప్రొటీన్ లెక్క కూడా అంతే. వాట్సాప్‌లో తిరిగే అంకెలు చాలావరకు ఎండబెట్టిన పుట్టగొడుగులవి. పచ్చివాటిలో తొంభై శాతం పైగా నీళ్లే. 200 గ్రాముల ప్యాకెట్ మొత్తం మీరొక్కరే తిన్నా వచ్చేది ఆరు గ్రాములు, అంటే ఒక గుడ్డంత. మీకు ప్రొటీన్ కావాలంటే పప్పు, శనగలు, పెరుగు, పనీర్ మానకండి, మష్రూమ్స్ వాటి పక్కన ఉండాలి, వాటి బదులు కాదు.

అలాగని అవి పనికిరానివని కాదు, నాకూ ఇష్టమే! వంద గ్రాములకు 22 క్యాలరీలు, పిండిపదార్థం మూడు గ్రాములే, ఉప్పు దాదాపు లేదు, పొటాషియం 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బీ2, నియాసిన్ (బీ3) విటమిన్లు, సెలీనియం అనే ఖనిజం కూడా దొరుకుతాయి. ఆలుగడ్డ వేపుడు తినే రోజున దాని బదులు మష్రూమ్ కూర తింటే మీ షుగర్‌కు నిజంగా మేలు. అయితే చిల్లీ మష్రూమ్ అని మైదాలో ముంచి నూనెలో వేయిస్తే ఆ లాభమంతా మూకుడులోనే పోతుంది. పచ్చిగా మాత్రం వద్దు, బాగా మగ్గనివ్వండి. కడుపు ఉబ్బరం వచ్చేవాళ్లకు బటన్ రకం పడకపోవచ్చు, దాంట్లో ఉండే మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం వల్ల గ్యాస్ పడుతుంది, వాళ్లు ముత్యపు చిప్ప (ఆయిస్టర్) రకం తిని చూడొచ్చు. కిడ్నీ సమస్య ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు అడిగి తినాలి.

డి విటమిన్ గురించి మీరు విన్నది సగం నిజం. గదుల్లో పెంచేవాటిలో అది పెద్దగా ఉండదు. వండబోయే ముందు ముక్కలు కోసి మిట్టమధ్యాహ్నం ఎండలో ఓ అరగంట పెడితే బాగా పెరుగుతుంది, ఖర్చు లేని పని, చేయండి. పరీక్షలో డి మరీ తక్కువని వస్తే మాత్రం దీంతో సరిపోదు, మందు వాడాల్సిందే. క్యాన్సర్ తగ్గుతుంది, షుగర్ పోతుంది అని అమ్మే పుట్టగొడుగుల పొడులు, క్యాప్సూల్స్ జోలికి వెళ్లకండి.

మీవారు తినొచ్చు. మష్రూమ్స్‌లో ప్యూరిన్లు, అంటే ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు, ఓ మోస్తరుగా ఉన్నమాట నిజమే గానీ, కూరగాయల నుంచి వచ్చే ప్యూరిన్ల వల్ల గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లనొప్పి) పెరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. ఆయన తగ్గించాల్సింది వేటమాంసం, లివర్, బీరు, అవేమైనా అలవాటుంటే.

ఇక ఊరి నుంచి వచ్చేవి. తొలకరికి చెదపుట్టల మీద మొలిచేవాటి రుచి నాకూ తెలుసు, వాటిని తరతరాలుగా తింటున్నవాళ్లూ ఉన్నారు. కానీ విషపు రకాలు కూడా చూడటానికి అలాగే ఉంటాయి. వెండి స్పూను నల్లబడకపోతే మంచివనీ, పురుగు తింటే మనమూ తినొచ్చనీ చెప్పేవి నమ్మకండి. కొన్నిటి విషం ఎంత ఉడికించినా పోదు. అన్నిటికంటే ప్రమాదమైనవి తిన్న వెంటనే ఏమీ చేయవు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, మర్నాటికి తగ్గినట్టే ఉంటుంది, ఆ తర్వాత లివర్ దెబ్బతింటుంది. ఎప్పుడైనా అలా జరిగితే తగ్గిందిలే అనుకోకుండా మిగిలిన కూరో, ముక్కో పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మరిది అంత ప్రేమగా పంపుతుంటే వద్దనడానికి మొహమాటంగా ఉంటే, డాక్టర్ ఒప్పుకోలేదని నా మీద పెట్టేయండి.