ఫిలాసఫీ పేపర్ క్లాసులో దేనికి?

ప్రశ్న: బి.ఎడ్. చదువుతున్నాను. విద్యకు తాత్విక పునాదులు అనే పేపర్ అంటేనే టెన్షన్. భావవాదం, ప్రకృతివాదం, వ్యవహారిక సత్తావాదం అంటూ బట్టీపట్టి రాసేస్తాం గానీ, రేపు లెక్కలు చెప్పేటప్పుడు ఇవన్నీ దేనికి పనికొస్తాయి? తత్వశాస్త్రానికీ చదువు చెప్పడానికీ నిజంగా సంబంధం ఉందా?

జవాబు: ఉంది, అదీ మీ లెక్కల క్లాసులోనే ఉంది. ఒక పిల్లవాడు తప్పు జవాబు చెప్పాడనుకోండి. "తప్పు, కూర్చో" అని మీరే బోర్డు మీద చేసి చూపిస్తారా, "అలా ఎందుకనుకున్నావు?" అని అడుగుతారా? ఏది చేసినా, పిల్లలకు తెలివి ఎక్కడి నుంచి వస్తుందనే విషయంలో మీరు ఒక పక్షం తీసుకున్నట్టే.

భావవాదానికి మూలపురుషుడైన గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'మెనో' అనే సంభాషణలో, ఆయన గురువు సోక్రటీస్ చదువు లేని ఒక బానిస కుర్రాడికి 2 అడుగుల భుజం ఉన్న చతురస్రం చూపించి, దీనికి రెట్టింపు వైశాల్యం రావాలంటే భుజం ఎంతుండాలని అడుగుతాడు. వాడు తడుముకోకుండా 4 అంటాడు. అప్పుడు వైశాల్యం 16 అవుతుంది, కావలసిందేమో 8. పోనీ 3 అంటే 9 వస్తుంది, ఇక నాకు తెలియదంటాడు. నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే, ఎందుకంటే సోక్రటీస్ ఇక్కడ జవాబు చెప్పేయడు, తెలియదని తెలిసింది కాబట్టి వాడు ముందుకన్నా మెరుగయ్యాడని తనతో వాదిస్తున్న మెనోకు చెప్పి, కర్ణం మీద కొత్త చతురస్రం కట్టేదాకా ప్రశ్నలతోనే నడిపిస్తాడు. (ఆ ప్రశ్నల్లోనే సగం జవాబు దాగుందని విమర్శ ఉంది, అది న్యాయమే.) నేర్చుకోవడమంటే ఆత్మకు ముందే తెలిసింది గుర్తుచేసుకోవడమని ప్లేటో నమ్మకం, బోధన పద్ధతి ఆ నమ్మకంలోంచే వచ్చింది.

ఇక వ్యవహారిక సత్తావాదం, అంటే చేసి చూసి నేర్చుకోవాలనే వాదం. 1896లో షికాగోలో ప్రయోగ పాఠశాల మొదలుపెట్టిన ఆ వాది జాన్ డ్యూయీ, క్లాసు బల్లల కోసం ఊరంతా వెతికితే ఒక వ్యాపారి, మీకు కావలసినవి పిల్లలు పని చేసుకునే బల్లలు, మా దగ్గరున్నవన్నీ కూర్చుని వినడానికి చేసినవి అన్నాడట. పిల్లలు వినాలా, చేయాలా అన్నది ఆ బల్లలు చేయించినవాళ్లు అప్పటికే తేల్చేశారన్నమాట!

అందుకే ఒక్కో వాదం చదివేటప్పుడు, ఆ తప్పు చెప్పిన పిల్లవాడిని దాని ముందు నిలబెట్టి చూడండి. ప్రకృతివాదం దగ్గర, ఆ వాదంలో ప్రముఖ తత్వవేత్త రూసో అయితే వాడిని వెంటనే దిద్దేవాడా, తప్పు ఫలితం వాడికే ఎదురయ్యేదాకా ఆగేవాడా అని ఆలోచించండి, బట్టీ పట్టే పని చాలావరకు తప్పుతుంది.