ముందు మీ అన్నయ్యతో మాట్లాడండి

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాన్న పోయాక అన్నయ్య తన చదువు ఆపేసి, ఉద్యోగంలో చేరి నన్ను చదివించాడు. ఈ ఉద్యోగం కూడా తనే చూసిపెట్టాడు. అమ్మ, నేను అన్నయ్య వాళ్లతోనే ఉంటాం. వదిన నన్ను బాగా చూసుకుంటుంది. నాకు బొమ్మలు వేయడమంటే ప్రాణం. పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు వేసే పనిలోకి వెళ్లాలని ఎన్నేళ్లుగానో కోరిక. రాత్రి అందరూ పడుకున్నాక వేసుకుంటాను. అన్నయ్య అలికిడి వినిపిస్తే కాగితాలు దాచేస్తాను. ఉద్యోగం మానేసే ధైర్యం ఎలా తెచ్చుకోవాలి? ఈ వయసులో మొదలుపెడితే నవ్వరా?

జవాబు: వయసు సంగతి ముందే తేల్చేద్దాం. పుస్తకానికి బొమ్మలు కావాల్సినవాళ్లు మీ బొమ్మలు చూస్తారు, పుట్టిన తేదీ అడగరు. నవ్వేవాళ్లు మీరు ఇరవై ఏళ్లకు మొదలుపెట్టినా నవ్వేవారు. ఇక ఆ ఆలోచన వదిలేయండి.

ధైర్యం లేదంటున్నారు. నేను ఒప్పుకోను. పగలంతా లెక్కలు చూసి, ఇంటికొచ్చి, నిద్ర మానుకుని బొమ్మలు వేసే మనిషిని పిరికిదని ఎలా అనను? మీ ఉత్తరంలో ఉద్యోగం గురించి ఉన్నది కొంచెమే. మొత్తం అన్నయ్యే. ఆయన అలికిడికి కాగితాలు దాచేస్తున్నానన్నారు చూడండి, నాకు అక్కడ మనసు చివుక్కుమంది. బొమ్మలు వేయొద్దని ఆయన ఎప్పుడైనా అన్నాడా? అని ఉంటే తప్పకుండా రాసేవారు. అనలేదు. అసలు మీరు ఆయన్ని అడిగిందే లేదు.

మీ భయమంతా ఆయన వదులుకున్న చదువు చుట్టూ తిరుగుతోంది. తను అంత వదులుకుంటే నేను నాకిష్టమైనది చేసుకోవడం ద్రోహం కదా అని లోలోపల తీర్మానించేసుకున్నారు.

తోడబుట్టినవాడి రుణం రుణమే. దాన్ని తేలిగ్గా తీసిపారేసే సలహా నా దగ్గర దొరకదు. అమ్మ మందులకు, ఇంటి ఖర్చులకు, రేపు ఆయన పిల్లల చదువులకు మీ చెయ్యి ముందుండాల్సిందే. కానీ ఆయన చూసిపెట్టిన కుర్చీలోనే రిటైరయ్యే దాకా కూర్చోవాలన్నది ఆ రుణంలో లేదు. మీ కాళ్ల మీద మీరు నిలబడాలని చదివించాడు. నిలబడ్డారు. ఇంత చేసిన మనిషిని, చెబితే అర్థం చేసుకోలేడని మీ అంతట మీరే తీర్పిచ్చేయడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది, ఆయనకు జరుగుతున్న అన్యాయం.

1995లో థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే సైకాలజిస్టులు పశ్చాత్తాపం మీద ఒక పరిశోధన ప్రచురించారు. చేసిన పని బెడిసికొడితే బాధ అప్పటికప్పుడు ఎక్కువ, ఏళ్లు గడిచేకొద్దీ మాత్రం చేయకుండా వదిలేసిన పనులే మనిషిని ఎక్కువగా తొలుస్తాయని వాళ్లు చూపించారు. ఇది చదివినప్పుడు మీరు మీ గురించే ఆలోచిస్తారు. ఒక్కసారి మీ అన్నయ్య గురించి ఆలోచించండి. ఆయన ఏం కావాలనుకున్నాడో మీకు తెలుసా? ఎప్పుడైనా అడిగారా? మీ మాట ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ఆయన చెప్పేది పూర్తిగా వినండి. ఆ తర్వాత మీ బొమ్మలు ఆయన ముందు పెట్టండి. "చేయనా?" అని అనుమతి అడగొద్దు. "నేను ఈ పని మొదలుపెడుతున్నాను అన్నయ్యా, ముందు నీకే చెబుతున్నాను" అనండి. చెల్లెలిగా ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి. ఇంత వయసొచ్చిన మనిషిగా ఆ మాట గట్టిగా అనే హక్కు మీకుంది.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానొద్దు. 2014లో జోసెఫ్ రఫీ, జీ ఫెంగ్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉద్యోగంలో ఉంటూ సొంత పని మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా అందులోకి వచ్చినవాళ్లు దాన్ని మూసేసుకునే అవకాశం, ఒక్కసారిగా మానేసి దిగినవాళ్ల కంటే 33 శాతం తక్కువ. జీతం వస్తున్నంత కాలం నచ్చని పనికి కూడా తలూపాల్సిన అవసరం ఉండదు. కనీసం ఆరు నెలల ఖర్చులు, మీరు ఇంట్లో ఇచ్చే వాటాతో సహా, పక్కన పెట్టాకే రాజీనామా గురించి ఆలోచించండి.

ఈలోగా విడివిడి బొమ్మలు ఆపి ఒక కథ తీసుకోండి. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు చాలావరకు 32 పేజీలు ఉంటాయి. అన్ని పేజీలకూ పెన్సిల్‌తో నమూనా గీసి, రెండు మూడు పేజీలు మాత్రం రంగులతో పూర్తి చేయండి. మొదటి పేజీలో ఉన్న పాప పదో పేజీలో ఏడుస్తున్నా, పరిగెడుతున్నా అదే పాపలా కనిపించాలి. ప్రచురణకర్తలు ముఖ్యంగా చూసేది అదే. ఎవరికి పంపినా అది పంపండి.

అన్నయ్య ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి. అమ్మ ముందు మొదలుపెడితే ఆవిడ కన్నీళ్లతో అసలు మాట పక్కకు పోతుంది. ఆయన కోప్పడితే ఆ రోజుకు వాదించకండి, నాలుగు రోజులాగి మళ్లీ కూర్చోండి. వదినకు మీరంటే అభిమానం కాబట్టి ఆవిడతో చెప్పిద్దామని మాత్రం అనుకోవద్దు. ఆయన ఈ సంగతి మొదట మీ నోటి నుంచే వినాలి.