ఉకులెలె ఆన్‌లైన్‌లో వస్తుందా? నాలుగేళ్ల అనుభవంతో నా జవాబు

వస్తుంది. మీరు రెండు ప్రశ్నలు అడిగారు. సంగీతం అసలు తెలియనివాళ్లకు, ఊళ్లో టీచర్ లేకపోయినా, ఆన్‌లైన్‌లో ఉకులెలె (గిటార్‌లా ఉండే నాలుగు తీగల చిన్న హవాయి వాద్యం) వస్తుందా అన్నది ఒకటి. ఆ వాద్యానికీ హవాయి వాళ్ల పడవ ప్రయాణాలకూ సంబంధం ఏమిటన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే. రెండోదాని కోసం నేను చాలా రాత్రులు మేడ మీద గడిపాను, కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

నేనుండేది విశాఖపట్నంలో. నలభై రెండో ఏట మొదలుపెట్టాను. మొదట దొరికినవాటిలో బాగా చవకది కొన్నాను. వట్టి తీగలు మీటితే శ్రుతిలోనే ఉండేవి, ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) దగ్గర నొక్కగానే స్వరం పక్కకు పోయేది. నెలన్నర పాటు తప్పు నా వేళ్లదే అనుకుని బాధపడ్డాను. మీరలా చేయకండి. కొన్న రోజే ఒక తీగను వట్టిగా మీటండి, తర్వాత అదే తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. ఫోన్‌లోని ట్యూనర్ రెండుసార్లూ ఒకే స్వరం చూపించాలి, రెండోది పై స్థాయిలో. చూపించకపోతే వాపసు ఇచ్చేయండి. పెద్దవాళ్ల వేళ్లకు చిన్నదైన సొప్రానో కన్నా కాస్త పెద్దదైన కాన్సర్ట్ సైజు హాయిగా ఉంటుంది. కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి, మొదటి వారం పది రోజులు పది నిమిషాలకోసారి శ్రుతి చేసుకోవాల్సి వస్తుంది. అది వాద్యం లోపం కాదు.

తీగల శ్రుతి జీ, సీ, ఈ, ఏ. ముఖానికి దగ్గరగా ఉండే తీగ మందంగా మోగుతుందని గిటార్ చూసినవాళ్లు అనుకుంటారు, కానీ ఇక్కడ అది హెచ్చు స్వరం. సీని షడ్జమంగా పెట్టుకుంటే ఆ నాలుగు తీగలూ ప, స, గ, ద అవుతాయి. నాలుగూ మోహన రాగంలోని స్వరాలే! చిన్నప్పుడు రెండేళ్లు గాత్రం నేర్చుకుని మానేసినదాన్ని, ఇది తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. పిల్లలకు నేర్పే మోహన గీతాన్ని ఆ సాయంత్రమే దాని మీద వెతుక్కుని వాయించాను. మీకు సరిగమలు కాస్త గుర్తున్నా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

రికార్డు చేసిన పాఠాలతో ఆరు నెలలు లాగాను. తర్వాత హవాయిలోనే ఉండే ఒక పెద్దావిడ దగ్గర లైవ్ క్లాసులో చేరాను. మనకు శనివారం ఉదయం ఎనిమిదైతే వాళ్లకు శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. అక్కడ రక్తసంబంధం లేని పెద్దవాళ్లను కూడా ఆంటీ, అంకుల్ అని గౌరవంగా పిలుస్తారు, అచ్చం మనలాగే. నేనూ ఆవిణ్ని ఆంటీ అనే పిలుస్తాను.

లైవ్ క్లాసులో రెండు చిక్కులు ఉంటాయి. ఒకటి, వీడియో కాల్ యాప్ మన తీగల చప్పుడును రొద అనుకుని మింగేస్తుంది. సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేస్తేనే టీచర్‌కు సరిగ్గా వినిపిస్తుంది. రెండోది, శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అందరూ కలిసి వాయించడం కుదరదు. ఆంటీ పాడుతుంటే మేమంతా మ్యూట్‌లో వాయిస్తాం, తర్వాత ఒక్కొక్కరినీ విడిగా వింటారు. ఆ ఒక్కొక్కరి వంతు లేని క్లాసుకు డబ్బు కట్టకండి. మన తప్పు మనకు వినిపించదు, ఇంకొకరు విని చెప్పాలి.

హవాయి పాటలు వాయించాలనుకుంటే పది పదిహేను కార్డ్‌లు (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులు) బట్టీ పట్టక్కర్లేదు. ముందు డీ సెవెన్ రెండు దెబ్బలు, జీ సెవెన్ రెండు దెబ్బలు, సీ నాలుగు దెబ్బలు. దీన్ని వ్యాంప్ అంటారు. చరణానికీ చరణానికీ మధ్య ఇది వస్తుంది, హులా అనే హవాయి నృత్యం చేసేవాళ్లు తర్వాతి చరణానికి సిద్ధమయ్యేది దీని మీదే. నాతో ఆంటీ మూడు వారాలు ఇదొక్కటే వాయింపించారు. మూడో వారానికి చేయి చూడకుండా వాయించగలిగాను, అప్పుడు గానీ పాట మొదలుపెట్టలేదు.

ఇక రెండో ప్రశ్న. చాలామంది అనుకున్నట్టు ఉకులెలె ప్రాచీన పాలినేషియా (హవాయి, తహీతి, న్యూజిలాండ్ వంటి పసిఫిక్ దీవులు) వాద్యం కాదు, నక్షత్రాలను చూసుకుంటూ సముద్రం దాటిన ఆ పడవల్లో అది లేదు. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికి కూలీలను హొనొలులుకు తెచ్చింది. వాళ్లతో మషేట్ అనే చిన్న తీగవాద్యం వచ్చింది. అదే ఓడలో వచ్చిన వడ్రంగులు మాన్యుయెల్ నూనెస్, అగస్టో డియాస్, జోసె దో ఎస్పిరితో సాంతో దాన్ని స్థానిక కోఆ కర్రతో చేయడం మొదలుపెట్టారు. రాజు కలాకౌఅ దాన్ని ఇష్టపడి రాజభవనంలో వాయింపించాడు. పేరుకు గెంతే పురుగు అని అర్థం చెబుతారు. రాణి లిలిఉఒకలాని మాత్రం ‘ఇక్కడికి వచ్చిన కానుక’ అనే అర్థాన్ని ఇష్టపడింది. ఆ రాణినే 1893లో గద్దె దింపారు. 1896లో చట్టం చేసి బడుల్లో హవాయి భాషలో బోధన లేకుండా చేశారు. ఆ తర్వాతి తరాల్లో ఇళ్లలో కూడా భాష తగ్గిపోతూ వచ్చింది. ఆ కాలమంతా భాషను అంటిపెట్టుకుని ఉన్నవాటిలో పాట ఒకటి. ఉకులెలెకు హవాయి మనసులో ఉన్న చోటు నాకు అర్థమైంది ఇక్కడే.

పడవల సంగతి ఇంతకన్నా పాతది. హవాయి నుంచి రాపానూయి (ఈస్టర్ దీవి), న్యూజిలాండ్ దాకా ఉన్న దీవులన్నిటికీ జనం జంట పడవల మీదే, అంటే రెండు పడవలను పక్కపక్కనే కలిపి కట్టినవాటి మీదే చేరారు. అయినా ఇరవయ్యో శతాబ్దంలో కొందరు పండితులు వాళ్లు దారి తప్పి కొట్టుకొచ్చి ఉంటారే గాని తెలిసి ప్రయాణించలేదన్నారు. ఆ మాట తప్పని చూపడానికి 62 అడుగుల జంట పడవను కట్టి 1975లో నీళ్లలోకి దింపారు. దాని పేరు హోకూలెఅ. కానీ ఏ పరికరమూ లేకుండా నడిపే విద్య తెలిసినవాళ్లు హవాయిలో అప్పటికి మిగల్లేదు. మైక్రోనీషియాలోని సతవాల్ అనే చిన్న దీవి నుంచి మౌ పియాయిలుగ్ వచ్చాడు. ఆ దారిలో ఆయన ఎప్పుడూ వెళ్లలేదు. 1976 మే 1న మావీ దీవిలో బయల్దేరి, అలల ఊపునూ చుక్కలనూ బట్టి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా నడిపి జూన్ 4న తహీతిలోని పపేటెకు చేర్చాడు. ఒడ్డున వేలమంది ఎదురుచూస్తున్నారు.

ఆ తర్వాత ఆయన చేసింది నాకు ఇంకా పెద్ద పనిగా కనిపిస్తుంది. తన ఊళ్లో తరతరాలుగా సొంతవాళ్లకే చెప్పే విద్యను ఆయన హవాయి యువకులకు నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్న నైనోఅ థాంప్సన్ 1980లో తహీతికి వెళ్లి తిరిగి వచ్చాడు. ఇది తెలిశాక ఆంటీ నాకు నేర్పడాన్ని మామూలు విషయంగా తీసుకోలేకపోయాను.

హోకూలెఅ అంటే సంతోషపు నక్షత్రం. ఏ నక్షత్రమో వెతికితే మన స్వాతి! అది హవాయి మీద సరిగ్గా నడినెత్తి నుంచి వెళుతుంది. దక్షిణం నుంచి వచ్చే నావికుడు కావాలనే తూర్పుగా వచ్చి, స్వాతి నెత్తి మీదికి రాగానే హవాయి అక్షాంశం చేరానని తెలుసుకుని పడమరకు తిరుగుతాడు. ఆ అక్షాంశం సుమారు పంతొమ్మిది డిగ్రీలు, మన ఇచ్ఛాపురానిదీ అంతే. వాళ్లు మకలిఇ అనే చుక్కల గుంపు మన కృత్తికలే, మా అమ్మమ్మ పిల్లలకోడి అనేది. సూర్యాస్తమయం వేళ అవి తూర్పున ఉదయించడం నవంబరులో వాళ్లకు మకహికి పండుగకాలానికి గుర్తు. మనకు దాదాపు అప్పుడే కార్తీకం. మా తీరంలో జాలర్లు దుంగలు కట్టి చేసే తెప్పలను చూస్తూ పెరిగాను. అలా దుంగలు కట్టే పడవకు తమిళంలో ఉన్న పేరు కట్టుమరం. ఇంగ్లీషువాళ్ల కాటమరాన్ అందులోంచే పుట్టింది, ఈరోజు పాలినేషియా జంట పడవలను కూడా ఆ మాటతోనే పిలుస్తున్నారు.

పాట నేర్చుకునేటప్పుడు ఒక్కటి పాటించండి. మాటల అర్థం తెలియకుండా పాడకండి. హవాయి పాటల్లో కఒన అని లోపలి అర్థం ఉంటుంది, మన శ్లేష లాంటిది. పైకి వాన గురించి ఉన్న పాట లోపల ఒక మనిషి గురించి కావచ్చు. కొన్ని స్తోత్రాలను గురువు అనుమతి లేకుండా పాడరు, అడిగి తెలుసుకోండి. ఉచ్చారణ మనకు కష్టం కాదు. వాళ్ల మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, తెలుగులాగే. ఎ, ఏ, ఒ, ఓ తేడాలు మన లిపిలో ఉన్నాయి కాబట్టి నేను పాటలన్నీ తెలుగులోనే రాసుకుంటాను. మొన్న ఆంటీ ఆ నోట్‌బుక్‌ను కెమెరాలో చూపించమన్నారు. మన అక్షరాల్లో వాళ్ల పాటను చాలాసేపు చూశారు.

రోజుకు పావుగంట వ్యాంప్ వాయించండి. మే నెలాఖరులో, మబ్బు లేని రాత్రి పదింటికి మేడెక్కి సప్తర్షుల తోక వంపును అలాగే ముందుకు సాగదీసుకుంటూ వెళ్లండి. నడినెత్తికి దగ్గరలో నారింజ రంగులో బాగా వెలిగే చుక్క ఒకటి కనిపిస్తుంది. అదే స్వాతి, వాళ్ల హోకూలెఅ.