గ్లాసు గోడ పక్కన ఉప్పు లెక్క వేరు

ప్రశ్న: నీళ్ళలో కరిగిన ఉప్పు అంతటా సమానంగా ఉంటుందని బళ్ళో చదువుకున్నాను. గాజు గోడ దగ్గర మాత్రం అలా ఉండదని ఈమధ్య విన్నాను. ఏది నిజం? అది కంటితో తెలుసుకునే దారేమైనా ఉందా?

జవాబు: గ్లాసు మధ్యలో మీ బడి పాఠమే నిజం. గోడ పక్కకొచ్చేసరికి లెక్క మారుతుంది. గాజు పైన సిలికాన్‌ని అంటిపెట్టుకుని ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) జంటలుంటాయి. నీళ్ళు తగలగానే వాటిలో కొన్ని హైడ్రోజన్ అయాన్‌ని (అంటే ధనావేశం ఉన్న హైడ్రోజన్‌ని) వదిలేస్తాయి, గోడకి ఋణావేశం వస్తుంది. కరిగిన ఉప్పు ధనావేశపు సోడియం, ఋణావేశపు క్లోరైడ్ అయాన్లుగా విడిపోయి ఉంటుంది కదా, ఇక సోడియం అటు మూగుతుంది, క్లోరైడ్ ఎడంగా జరుగుతుంది. అలాగని సోడియం అంతా వెళ్ళి గోడకి అతుక్కుపోదు. గోడ లాగుతున్నా, వేడివల్ల అణువులు కుమ్ముకుంటూ దాన్ని చెదరగొడుతూనే ఉంటాయి. అందుకే గోడ దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచబడే ఒక మబ్బు తయారవుతుంది. 1910లో గూయీ, 1913లో చాప్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు కట్టిన లెక్క ఇది. అయాన్లకీ ఒళ్ళుంటుందని, గోడకి మరీ ఆనుకోలేవని 1924లో స్టెర్న్ దాన్ని సవరించాడు. పుస్తకాల్లో దీని పేరు 'విద్యుత్ ద్విస్తరం'. నాకా పేరు నచ్చదు, రెండు అట్టలు అతికించినట్టు ఉంటుంది. ఈ మబ్బుకి అంచే లేదు.

అంచు లేకపోయినా, అది బాగా పలచబడే దూరాన్నే మందం అనుకుంటే, లీటరుకి 6 గ్రాముల ఉప్పుంటే అది సుమారు 1 నానోమీటరు (మీటరులో వంద కోట్లో వంతు). ఉప్పుని వందో వంతుకి తగ్గిస్తే 10 నానోమీటర్లు. అవును, తగ్గిస్తేనే పెరుగుతుంది! సోడియం దండిగా ఉంటే గోడ ఆవేశాన్ని దగ్గర్లోనే కప్పేస్తుంది మరి.

కంటితో చూడాలంటే బంకమట్టిని స్వేదన జలంలో బాగా కలిపి, ఓ గంట ఆగి, పైన మిగిలిన మురికి నీళ్ళని రెండు గ్లాసుల్లోకి పంచండి. ఒకదాంట్లో చెంచాడు ఉప్పు వేయండి. మట్టి రేణువులకీ ఋణావేశమే, వాటి చుట్టూ మబ్బులే. ఆ మబ్బులు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నంతసేపూ రేణువులు కలవవు. ఉప్పు పడితే మబ్బులు సన్నబడతాయి, రేణువులు దగ్గరికొచ్చి ముద్దలు కట్టి దిగిపోతాయి. మర్నాటికి తేడా తెలుస్తుంది.

నేను మొదటిసారి చేస్తే రెండు గ్లాసులూ ఒకేలా తేటపడ్డాయి. ఓ పూటంతా బుర్ర గోక్కున్నాను. తీరా చూస్తే నేను వాడింది కఠిన జలం! అందులోని కాల్షియం అయాన్‌కి రెండు ఆవేశాలు. సోడియం చేసే పనిని చాలా తక్కువ మోతాదుతోనే కానిచ్చేస్తుంది. నేను ఉప్పు వేసేలోపే అది తన పని మొదలెట్టేసిందన్నమాట.