డాక్టర్ సలహా: పరుగు ముందు రాత్రి నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. అమలాపురంలో టీచర్ని. డిసెంబరులో విశాఖపట్నంలో హాఫ్ మారథాన్ కోసం నాలుగు నెలలుగా సాధన చేస్తున్నాను. ఆదివారం తెల్లవారుజామున బోడసకుర్రు వంతెన వైపు లాంగ్ రన్. శనివారం మధ్యాహ్నం నుంచే పండగ ముందు రోజులా ఉంటుంది. బూట్లు గుమ్మం దగ్గర పెట్టుకుంటాను. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి టైం చూసుకుంటాను, గుండె దడదడలాడుతుంది. నిజానికి పరుగు కన్నా ఈ ఎదురుచూపే బాగుంటోంది. ఇది మామూలేనా? ఎడమ కాలి ముందు ఎముక నెల రోజులుగా నొప్పిగా ఉంది గానీ, మందుల షాపులో పక్కాయన కొంటుంటే చూసి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ల పరుగుకి ముందు ఒకటి వేసుకుంటే ఇబ్బంది లేదు.

జవాబు: మీ దడ సంగతి చెబుతాను. కానీ నన్ను ఆపేసింది మీ ఆఖరి వాక్యం.

ముందు దడ. ఇష్టమైనది రాబోతోందని తెలియగానే మెదడులో డోపమైన్ అనే రసాయనం కదులుతుంది, ఆ ఇష్టమైనది చేతికందేదాకా ఎదురుచూడదు. అట్లతద్దినాడు పిల్లలు ఎవరూ లేపకుండానే చీకటితో లేచి కూర్చుంటారు చూడండి, మీదీ అదే. ఒక్క రాత్రి నిద్ర తగ్గితే పరుగు పెద్దగా దెబ్బతినదు. శుక్రవారం రాత్రి బాగా పడుకోండి, శనివారం సాయంత్రం కాఫీ మానండి. అయితే దడ లయ తప్పినట్టున్నా, పరుగులో ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి గుండె ఆగి పోయి ఉన్నా మాత్రం పరుగు ఆపి వెంటనే డాక్టర్ని కలవండి. అవేవీ లేకపోయినా ఒకసారి బీపీ, ఈసీజీ, థైరాయిడ్ చూపించుకోవడం మంచిది.

ఇక బిళ్ల. మా ఓపీలో రోజూ వినే మాట: "ఆయ్, ఒక్క బిళ్లేనండి, అదీ గ్యాస్ బిళ్లతో కలిపే వేసుకుంటున్నానండి." గ్యాస్ బిళ్ల కాపాడేది కడుపుని, కిడ్నీని కాదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా అక్కడి నాళాలను తెరిచి ఉంచే పదార్థాలు కొన్ని ఉంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. మన డెల్టా ఉక్కలో చెమట కారుతుందే గానీ ఆరదు, అందుకే ఒళ్లు చల్లబడక ఇంకా కారుతుంది. అలాంటి గంటన్నర పరుగుకి ముందు ఆ బిళ్ల వేసుకోవడం, కాలువకి నీళ్లు తగ్గిన రోజే లాకులు కూడా దించేయడం. అందరికీ ఏదో అయిపోతుందని అనను. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ, అవి ఉన్నాయో లేవో మీరు రాయలేదు. అయినా టీచరు గారూ, పిల్లలు పక్కవాడి కాపీ చూసి రాస్తే ఊరుకోరు కదా, మందుల షాపులో పక్కాయన కొన్న బిళ్ల మీరెలా వేసుకున్నారు?

ఇంకో సంగతి. నొప్పి తెలియకుండా చేసుకుని అదే ఎముక మీద నెల రోజులు పరిగెత్తారు. ఎముక పొడవునా సలుపుతూ, ఒళ్లు వేడెక్కాక తగ్గేదైతే చాలాసార్లు పై పొర వాపే. వేలితో నొక్కితే ఒక్కచోటే ప్రాణం పోయేలా ఉన్నా, రాత్రిపూట పడుకున్నా నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతలేకపోయినా స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు, అనుమానించాలి. కంటితో చూడకుండా ఏదీ తేల్చి చెప్పలేను. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే రావచ్చు, అది చూసి ధైర్యంగా మళ్లీ పరుగెత్తి, చివరికి ఎముక పూర్తిగా విరిగాక వచ్చినవాళ్లు ఉన్నారు. అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు.

ఈ ఆదివారం పరుగు వద్దు. ఎముకల డాక్టర్ చూసేవరకు ఏ ఆదివారమూ వద్దు. నొప్పి లేకపోతే సైకిల్ తొక్కండి, ఈత వస్తే ఈదండి. తర్వాత మళ్లీ మొదలుపెడితే సిమెంటు రోడ్డు కన్నా కాలువ గట్టు మట్టిదారి నయం, గుంతలు చూసుకోండి. కొబ్బరినీళ్లు తాగండి గానీ వాటిలో సోడియం తక్కువ, ఉప్పేసిన మజ్జిగ కూడా ఉండాలి.

డిసెంబరు పోటీ సంగతి ఇప్పుడే చెప్పలేను. ఎదురుచూడటం మీకెలాగూ ఇష్టమే కదా. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బిళ్లల స్ట్రిప్పూ, అరిగిన బూట్లూ పట్టుకెళ్లండి.