ఆ ఫోటో బోర్డు ఇప్పుడే కొట్టకు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుణుపురంలో జీడి పరిశ్రమ పెడుతున్నావని, ఎక్కువ పని చేసినవారికి నెలనెలా బహుమతి ఇచ్చి గోడ మీద ఫోటో పెడతావని మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది. ఆ ఫోటో సంగతి కాస్త ఆపు.

నేనూ ఆ పని చేసినవాడినే. మా షెడ్డులో పప్పు పొట్టు తీసే సవర ఆడవాళ్ళు తొమ్మిది మంది, రోజు కూలి మీద, ఒకే వరుసలో కూర్చునేవారు. అందరిలోకి చేయి చురుకైన ఆవిడను నిలబెట్టి ప్రెషర్ కుక్కర్ చేతిలో పెట్టాను. చప్పట్లు నేనొక్కడినే కొట్టాను. మర్నాటి నుంచి ఆవిడ పళ్ళెం పక్కవాళ్ళ పళ్ళెం కన్నా ఒక్క పప్పు ఎక్కువ నిండితే ఒట్టు! తన వంతు కాగానే పక్కావిడ గంపలోంచి తీసుకుని ఒలిచి, ఆవిడ పళ్ళెంలోనే వేసేది. బద్ధకమనుకుని విసుక్కున్నాను. మందగించింది నా బుర్ర. మరుసటి నెల వరుస మొత్తానికి ఏం కావాలో వాళ్ళనే అడిగాను. మేకపోతు అడిగారు. ఇచ్చాను, పని పెరిగింది.

అలాగని మనుషులకు ముద్రలు వేయకు. అదే షెడ్డులో మన తెలుగు పిల్ల ఒకతె, గ్రేడింగులో తన పేరు ముందు చదవకపోతే ఆ పూట అన్నం ముట్టేది కాదు. 1964లో హార్వర్డ్ నుంచి వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త మెక్లెలండ్ బృందం కాకినాడ చిన్న వ్యాపారులను హైదరాబాదు తీసుకెళ్ళి శిక్షణ ఇచ్చింది. వాళ్ళ వ్యాపారాలు పెరగడానికి పాత ఆచారాలేమీ అడ్డు రాలేదని తేల్చింది. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 1999లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ముచ్చటగా ఉంటుంది. అమెరికాలో తెల్లజాతి పిల్లలు తామే ఎంచుకున్న పదాల ఆట బాగా ఆడారు. ఆసియా మూలాల పిల్లలు మాత్రం, ఆటను వాళ్ళ అమ్మే ఎంచిందని చెప్పినప్పుడు ఇంకా బాగా ఆడారు.

జూన్ నడుమ రజ పండుగ మూడు రోజులూ ఒడియా ఆడవాళ్ళు పనిలోకి రారు. ఒక ఏడు రెట్టింపు కూలి ఆశ చూపాను. షెడ్డులో నేనూ, కుక్కా మిగిలాం. నువ్వు ముందే సెలవిచ్చి, వీలైతే చెట్టుకు ఉయ్యాల కట్టించు.

మొదటి నెల ఏమీ ప్రకటించకు. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో చూడు. ఆ తరువాత ఫోను చెయ్యి.

అన్నట్టు, ఆ కుక్కర్ ఆవిడ వారానికే తెచ్చి ఇచ్చేసింది. మూత కూడా తీయలేదు. అటక మీద ఉంది, కావాలంటే పట్టుకెళ్ళు.